మాగకముందే తగిలిన వెలుగు

ఈ కబురు నాకు మొదట తెచ్చింది దుర్గమ్మ. మా పుట్టింటి మామిడితోటలో తన పెళ్లయిన ఏడు నుంచీ కాయకోతకు వస్తున్న మనిషి. ఆగిరిపల్లి నుంచి వాళ్లాయన మోటారుసైకిలు వెనకాల కూర్చుని, పాత చీరలో మూటగట్టిన రేకుపెట్టెను పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పట్టుకుని, ఉంగుటూరులో మా ఇంటికి వచ్చేసరికి నేను పొద్దుటి దీపం పెట్టి స్వామి నామాలు చదువుకుంటున్నాను. చెప్పులు గడప అవతల విడిచి, మంచినీళ్లు కూడా అడక్కుండా, మా తమ్ముడు తోటలో కాయలు పండబెట్టే మాగగది పడగొట్టిస్తున్నాడని, దాని స్థానంలో కాయలను అట్టపెట్టెల్లోకి సర్దే షెడ్డు వేయిస్తున్నాడని, అటక మీద ఈ పెట్టె కనపడితే పాత ఇనుము వాడికి వేసేద్దామని పనివాళ్లు అనుకుంటుంటే తను అడ్డుపడి పట్టుకొచ్చేసిందని ఒక్క గుక్కలో చెప్పింది. నాకే ఎందుకు తేవాలనిపించింది దుర్గమ్మా అని అడిగాను. ఆ మనిషి చెప్పిన జవాబు విని చేతిలో పుస్తకం మూసేశాను.

"ఎన్నిసార్లు చూశానో అమ్మగారూ, తోటకొచ్చినప్పుడల్లా ఆ గది తలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడతారు, లోపలికి మాత్రం రారు. అందులో మీదేదో ఉండిపోయిందనుకున్నానండీ."

నన్ను నేను ఎన్నడూ గమనించుకోని సంగతిని కాయలు ఏరుకుంటూనే కనిపెట్టిన ఆ ఇల్లాలికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. పెట్టె మూత మీద తెల్ల సున్నంతో "ముట్టుకోవద్దు" అని రాసి ఉంది. మొదటి అక్షరానికి కొమ్ము ఎక్కువై, చివరి దానికి దీర్ఘం మిగిలిపోయి, అది నా తొమ్మిదో ఏటి రాత. అరవై ఏళ్లు దాటాక మన చేతిరాతే మనల్ని ముట్టుకోవద్దని గదమాయిస్తే ఎలా ఉంటుందో ఈ వయసు వాళ్లకు నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ పెట్టె మా బాబాయిది, అంటే మా నాన్నగారి తమ్ముడిది. నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. చిన్నతనంలో ఉబ్బసం ఉండేది, నాలుగు అడుగులు వేస్తే ఎగశ్వాస వచ్చేది, బడికి మైలున్నర మట్టిరోడ్డు. అందుకని నన్ను ఇంట్లోనే ఉంచేశారు. నాయనమ్మ పారాయణ పుస్తకం ఒళ్లో పెట్టుకుని వేలితో చూపిస్తూ అక్షరాలు నేర్పింది, లెక్కలు నాన్నగారు చెప్పారు. మిగిలిన చదువంతా, ఆ మాటకొస్తే ఈ లోకాన్ని చూడటం అనే చదువంతా, బాబాయి దగ్గర. ఇంట్లో ఉండిపోయానన్న బెంగ ఆ రోజుల్లో ఉండేదేమో కానీ, ఇప్పుడు మాత్రం ఆ ఉబ్బసం భగవంతుడు నాకు దొడ్డిదారిన ఇచ్చిన వరమే అనిపిస్తుంది. బడికి వెళ్లి ఉంటే ఆయన చెంత అన్ని వేసవులు ఎవరు కూర్చోనిచ్చేవారు?

బాబాయి వృత్తి తోట. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, ఆవకాయకని ప్రత్యేకం పెంచిన పుల్లటి చెట్లు నాలుగు. పూత మీద మంచు పడిందా, పిందె నిలిచిందా, గాలిదుమారం వచ్చే సూచన ఉందా అని ఆకాశం వంక చూసే మనిషే. కానీ ఆయన ప్రాణం రెండు చోట్ల ఉండేది. ఒకటి వీణ. నూజివీడులో వీణలు చేసే వాళ్లున్నారని మీకు తెలిసే ఉంటుంది. ముదిరిన పనస మాను తెచ్చి, ఏళ్ల తరబడి ఆరబెట్టి, తొలిచి, కుండలాగా గుండ్రంగా తీసి చేసేవారు. అలాంటి దాన్ని ఎవరో వాయించి వాయించి ఇక వద్దనుకున్నాక ఈయన ఇంటికి తెచ్చుకున్నాడు. రెండోది కెమెరా. ముందు వైపు రెండు అద్దాలు ఒకదాని మీద ఒకటి ఉండేవి, పైనుంచి తల వంచి చూడాలి. రెండు కళ్లూ నిలువుగా ఉన్నాయి, ఇదేం జంతువురా అబ్బాయ్ అని నాయనమ్మ నవ్వేది. ఆ కెమెరాతో తీసేటప్పుడు ఆయన తల వంచి నిలబడే తీరు నాకు గర్భగుడి ముందు నిలబడ్డ మనిషిని గుర్తుకు తెచ్చేది. మనిషి ముందు తల వంచకుండా ఫోటో తీయడమనేది నేను ఈ ఫోన్లు వచ్చాకే చూశాను.

వేసవి ఆ రెండింటికీ శత్రువు. వీణ మెట్లు మైనంలో నిలబెట్టి ఉంటాయి కదా, ఎండలు ముదిరితే మైనం మెత్తబడి మెట్లు ఒక వెంట్రుకవాసి కదిలిపోయేవి, గాంధారం పలకాల్సిన చోట ఏదో మూలుగు పలికేది. ఫిలింకూ అంతే, దాన్ని కడిగే మందు నీళ్లు వేడెక్కితే పైపూత జారిపోతుంది. అందుకని ఆయన రెండింటినీ మా తోటలోకెల్లా చల్లనైన చోట దాచుకునేవాడు. అదే మాగగది.

మట్టిగోడలు మూరన్నర మందం, కిటికీ లేదు, పైన తాటాకు, దాని కింద చెక్క అటక. నేల మీద వరిగడ్డి పరిచి, కాయ పక్కన కాయ పేర్చి, మళ్లీ గడ్డి కప్పి, మాగవేసేవారు. తలుపు వేస్తే లోపల పట్టపగలు కూడా కళ్లు పొడుచుకున్నా ఏమీ కనపడేది కాదు. ఆ చీకట్లోనే, మాగుతున్న రసాల వాసన మధ్యలో, బాబాయి ఫిలింలు కడిగేవాడు. పొడిమందు పొట్లాలు నూజివీడు నుంచి తెచ్చి, కొత్త కుండలో రాత్రంతా చల్లారిన నీళ్లలో కలిపి, మూడు పింగాణీ పళ్లేల్లో పోసి, ఎర్రకాగితం చుట్టిన లాంతరు మూలన పెట్టుకునేవాడు. ఫిలిం రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, పళ్లెంలో ఉయ్యాల ఊపినట్టు ఇటూ అటూ ఊపాలి. ఎంతసేపన్నది గడియారం చూసి చెప్పడానికి ఆ చీకట్లో వీల్లేదు. అందుకని పాడేవాడు.

ఏం పాడేవాడంటే, సంగీతం నేర్చుకునే ప్రతి బిడ్డా మొదట నేర్చుకునే సరళీ వరసలే. పద్నాలుగు వరసలు, మొదటి కాలంలో, తొందరపడకుండా. అవి పూర్తయ్యేసరికి ఫిలిం మీద బొమ్మ వచ్చేసినట్టు లెక్క. నేను గుమ్మం బయట పీట వేసుకుని తొడ మీద తాళం వేస్తూ కూర్చునేదాన్ని. నాకు సంగీతం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, మూసిన తలుపు ఇవతల నుంచి వచ్చింది. ఈ రోజుకీ సరిగమలు ఎక్కడ వినిపించినా నా ముక్కుకు మాగిన రసాల వాసనా, దాని వెనకాలే పుల్లటి మందు వాసనా కొడతాయి.

ఆయన ఫోటో కడగడం అనేవాడు కాదు, డెవలప్ అనే మాట ఆయన నోటి వెంట వినలేదు. ఫోటో మాగుతోంది అనేవాడు. అదే గది, అదే చీకటి, అదే ఓపిక, ఇంకో మాట ఎందుకనుకున్నాడో ఏమో. ఇంటిల్లిపాదికీ అదే అలవాటైంది. అబ్బాయ్, పెళ్లి ఫోటోలు మాగినయ్యా అని మా నాన్నగారు అడిగేవారు. పచ్చిగా ఉన్నాయి అన్నయ్యా, ఇంకో పూట పడుతుంది అని ఈయన జవాబు. ఈ మాటే తరువాత ఎంత పని చేసిందో చెబుతాను.

ఫోటోలు ఆరాక వాటిని పల్చటి కాగితపు కవర్లలో పెట్టి, పైన పేర్లు రాయడం నా పని. అదే నా కాపీ పుస్తకం. నెగెటివును వెలుతురుకు పట్టి చదవడం కూడా నేర్పాడు. నల్లగా ఉన్నది తెలుపు, తెల్లగా ఉన్నది నలుపు, ముఖం మసిబొగ్గులా ఉంటే మనిషి పచ్చటి ఛాయ అని అర్థం, జుట్టు తెల్లగా ఉంటే ఇంకా నెరవలేదని అర్థం. నాకు గుణింతాలు పూర్తిగా రాకముందే నెగెటివులు తడుముకోకుండా వచ్చేవి. ఊళ్లో ఎవరి ఫోటోనైనా చూసి ఫలానా వాళ్లని చెప్పేదాన్ని. అచ్చు వేశాక కొన్నిటికి సన్న కుంచెతో రంగులు కూడా అద్దేవాడు, పెదవులకు కాస్త ఎరుపు, చీర అంచుకు పసుపు. దూదిపుల్ల పెట్టి అద్దుతుంటే ఊపిరి బిగబట్టేవాడు, పక్కన నేనూ బిగబట్టేదాన్ని, ఉబ్బసపు పిల్లకి అది మంచిది కాదని ఇద్దరికీ గుర్తుండేది కాదు.

ఊరందరి ఫోటోలూ ఆయన తీశాడు. ఒక్క నాయనమ్మవి తప్ప.

ఆవిడ ఒప్పుకునేది కాదు. ఫోటో కట్టించుకుని గోడెక్కడం పోయినవాళ్ల పని అని ఆవిడ లెక్క. నేను పోయాక దండ వేయడానికి ఇప్పటి నుంచే చట్రం సిద్ధం చేస్తున్నావా నాయనా అని కొడుకును ఆటపట్టించి, కెమెరా కనపడగానే వంటింట్లోకి తప్పించుకునేది. ఏళ్ల తరబడి సాగింది ఈ దొంగాట. ఆ ఏడు రసాలు బాగా విరగకాశాయి. నాయనమ్మకు ఎందుకో మనసు మెత్తబడి, ఒక్కటంటే ఒక్కటి తీసుకోమంది. అదీ కుర్చీలో బొమ్మలా కూర్చోబెట్టకుండా, తన పని తను చేసుకుంటుంటే తీసుకోవాలి. రెండోసారి అడిగితే ఊరుకోనని ముందే చెప్పింది.

అలాగే తీశాడు. మాగగది ముందు, పొద్దుటి నీరెండలో, ఆవిడ గడ్డిలోంచి తీసిన పండ్లను తుడిచి బుట్టలో సర్దుతోంది. ఆవిడ కుడిచేతి చిటికెన వేలు చిన్నప్పుడు కొడవలి తగిలి లోపలికి వంగిపోయింది. రసం పట్టుకుంటే ఆ వేలు పండు కింద చిన్న కొక్కెంలా ఉండేది. బాబాయి తల వంచి, చాలాసేపు కదలకుండా నిలబడి, మీట నొక్కాడు. ఆ ఫిలిం చుట్టలో అదే ఆఖరి బొమ్మ, అంతకుముందువన్నీ ఎవరూ అడగని తోట చెట్ల బొమ్మలు.

ఆ మధ్యాహ్నమే మాగవేయడానికి లోపలికి వెళ్లాడు. నేను పీట మీద. లోపల మొదటి వరస మొదలైంది. ఆ రోజు తాళం వేస్తున్న నా చెయ్యి మామూలుగా లేదు, నాయనమ్మ ఫోటో బాగా రావాలని మొక్కుకుంటూ ఉన్నాను. ఇక్కడే నా బుర్రలో ఒక మాట మెదిలింది. నాయనమ్మ రోజూ చెప్పే మాట. మాగే కాయను సగంలో ఒకసారి తిరగెయ్యాలి, లేకపోతే కిందివైపు మచ్చ పడుతుందని. ప్రతి పొద్దునా ఆవిడ ఆ తలుపు తోసి, గడ్డి ఎత్తి, వాసన చూసి, బొటనవేలితో నొక్కి, ఒక్కో కాయనూ పక్కకు ఒత్తిగిలించడం నేను చూస్తున్నదే. మరి ఫోటో మాగుతోంది కదా? బాబాయి తిరగేస్తున్నాడా? మగవాళ్లకు ఇలాంటివి గుర్తుండవని నాయనమ్మే అంటుంది కదా? మచ్చ వచ్చి ఆవిడ ముఖం మీదే పడితే?

పద్నాలుగులో సగం ఏడు. ఆ లెక్క వచ్చు నాకు. ఏడో వరస ముగిసిన క్షణంలో నేను లేచి, నాయనమ్మ తోసినట్టే, రెండు చేతులతో తలుపు తోశాను.

ఆ వెలుగులో కనపడింది ఒక్కటే గుర్తు. బాబాయి పళ్లెం మీదికి వంగిపోయాడు. నేను తిరగేశావా బాబాయ్ అని అడిగాను. ఆయన తలుపు వెయ్యమని మెల్లగా చెప్పాడు. వేశాను. ఆ తరువాత ఎనిమిదో వరస మొదలైంది. పద్నాలుగూ పాడాడు, ఎక్కడా తొందరపడలేదు, శ్రుతి తప్పలేదు. అందుకని అంతా బాగానే ఉందనుకున్నాను నేను.

బయటికి వచ్చాక నా పక్కన గుమ్మం మీద కూర్చున్నాడు. మందు వాసన కొడుతున్న తడిచెయ్యి నా తల మీద పెట్టి ఆయన అన్న మాటలు నేను ఈ రోజుకీ అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను.

"అమ్మలూ, నువ్వు తిరగెయ్యమని చెప్పడానికి వచ్చావు. అందులో తప్పేం లేదు. కాయ వెలుగు చూసినా మాగుద్ది, ఇది మాత్రం చూస్తే మాగదు. అంతే తేడా. నేనే నీకు ముందు చెప్పి ఉండాల్సింది."

నాకు అప్పుడు తెలిసింది. ఏడుపు ముంచుకొచ్చి, నాయనమ్మ దగ్గరికి పరిగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపి, మొహం కడుక్కుని రమ్మని పంపించాడు. నేను వచ్చేసరికి అందరి ముందూ తన నుదురు తనే కొట్టుకుంటూ, తొందరలో అద్దం మీద మూత తీయడం మర్చిపోయానని చెబుతున్నాడు. మా కెమెరాకు పై అద్దంలోంచి చూడటం, కింది అద్దంలోంచి బొమ్మ పడటం కదా, కింది మూత తీయకపోయినా పైనుంచి అంతా చక్కగా కనపడుతూనే ఉంటుంది, కాబట్టి అందరూ నమ్మేశారు. నాయనమ్మ మాత్రం విరగబడి నవ్వింది. నేను చెప్పలేదూ, ఆ స్వామికి నన్ను గోడెక్కించడం ఇష్టం లేదు అంది.

ఆవిడ కాళ్లావేళ్లా పడి మళ్లీ ఒప్పించేవాడేమో. కొత్త ఫిలిం బెజవాడ నుంచి రావాలి. అది వచ్చేలోపు తొలకరి వచ్చింది, తొలకరితో పాటు నాయనమ్మకు జ్వరం వచ్చింది, అయిదో రోజున ఆవిడ వెళ్లిపోయింది. గోడ మీద పెట్టడానికి ఏమీ లేక, పెద్దకర్మ నాడు పీట మీద ఆవిడ పారాయణ పుస్తకం పెట్టి దానికే దండ వేశారు.

ఆ రోజున మా మేనత్త, అంటే బాబాయికి అక్క, దుఃఖంలో ఒక మాట అనేసింది. ఊరందరికీ తీసిన వాడివి, కన్నతల్లి దగ్గరికొచ్చేసరికి మూత తియ్యలేకపోయావట్రా అని. దుఃఖంలో అన్న మాట అక్కడితో పోవాల్సింది. పోలేదు. కొన్నాళ్లకు అది వేళాకోళమైంది. పెళ్లిళ్లలో ఆయన కెమెరా ఎత్తితే చాలు, మూత తీశావా బాబూ అని ఎవరో ఒకరు అరవడం, పందిరంతా గొల్లుమనడం. బావమరుదులు ఆయన్ని మూతబ్బాయి అని పిలిచేవారు. మెల్లగా శుభకార్యాలకు నూజివీడు నుంచి స్టూడియో వాళ్లను పిలవడం మొదలుపెట్టారు. ఆయన కెమెరాను దాని తోలు సంచిలో పెట్టి, సంచిని ఈ రేకుపెట్టెలో పెట్టి, పెట్టెను మాగగది అటక ఎక్కించాడు. ఇక వీణ ఒక్కటే మిగిలింది. సాయంత్రాలు తోటలో కాపలా పాక ముందు కూర్చుని మోహన వాయిస్తుంటే రోడ్డు మీద వెళ్లే బండ్లు నెమ్మదించేవి. అప్పుడు ఆయన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఒకసారి, నా పెళ్లిలోనే, మూత తీశావా అని ఎవరో అన్నప్పుడు అందరితో పాటు నేనూ నవ్వాను. నా ఎదురుగానే ఉన్నాడు. నా వంక చూసి ఆయన కూడా నవ్వాడు. దేవుడి ముందు చాలా తప్పులు ఒప్పుకున్నాను కానీ ఆ నవ్వును మాత్రం ఎప్పుడూ దాటేసేదాన్ని.

ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. చిన్నప్పుడు భయం. నాయనమ్మ పోయాక భయం రెట్టింపైంది, ఆవిడ రూపం లేకుండా చేసింది నేనేనని అందరూ అంటారని. పెళ్లయి ఈ ఊరు వచ్చాక, వరి పొలాల మధ్య, కాపురం, పిల్లలు, పురుళ్లు. ప్రతి వేసవి పుట్టింటికి వెళ్లినప్పుడు ఈసారి చెప్పేద్దామనుకునేదాన్ని. మామిడిపండ్లు తినడం, తిరిగి రావడం. చివరికి బాబాయి పోయిన రోజున కూడా, ఇల్లంతా జనం ఉండగా, ఎవరో పెద్దాయన మంచి మాటలన్నీ చెప్పి, పాపం తల్లి ఫోటో తీయలేకపోయానన్న దిగులుతోనే వెళ్లిపోయాడు అన్నారు. నేను తల వంచుకుని తులసిదళాలు తుంచుతూ కూర్చున్నాను.

ఇదంతా తలచుకుంటూనే దుర్గమ్మ ముందు పెట్టె తెరిచాను. కెమెరా సంచి బూజు పట్టి పచ్చగా ఉంది. వీణ తీగల చుట్టలు రెండు, నల్లటి మైనం ముద్ద ఒకటి, ఎండి రాయైపోయిన రంగుబిళ్లలు, అంచు పగిలిన పింగాణీ పళ్లెం, లాంతరు ఎర్రకాగితం ముక్క. అడుగున కవర్ల కట్ట. అన్నిటి మీదా నా రాత. ఒక్కదాని మీద మాత్రం నా రాత కాదు, ఆయనది. సన్నగా, పక్కకు వాలిన అక్షరాలు.

"అమ్మ. మాగకముందే వెలుగు తగిలింది."

ఎవరి చెయ్యి తగిలిందో రాయలేదు. తలుపు ఊసు లేదు.

కవరులోంచి నెగెటివు తీసి దుర్గమ్మే ముందు వెలుతురుకు పట్టింది. నల్లటి కాయితంలో ఎవరిదో అరచెయ్యి పడిందండీ అంది. నేను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. అరవై ఏళ్ల తరువాత కూడా ఆ చదువు నన్ను విడిచిపోలేదు. వెలుగు తగిలినంత మేరా నల్లబడిపోయింది. కానీ ఆ క్షణంలో ఫిలిం కొసను పట్టుకున్నది ఆయన చెయ్యి కదా, తలుపు తెరుచుకోగానే ఆ చేతిని బొమ్మ మీద గట్టిగా మూసేశాడన్నమాట. ఆయన అరచెయ్యీ నాలుగు వేళ్లూ కప్పిన చోట మాత్రం బొమ్మ బతికింది. నల్లటి చీకట్లో చెయ్యి ఆకారంలో ఒక కిటికీ. ఆ కిటికీలో రెండు చేతులు, చేతుల్లో ఒక రసం, పండు కింద లోపలికి వంగిన చిటికెన వేలు.

మిగతా ఏడు వరసలూ అంత ఓపికగా ఎందుకు పాడాడో అప్పుడు అర్థమైంది నాకు. ఆ కాస్తంత మాగాలని. ఇంకోటి కూడా అర్థమైంది. మూత తీయకపోతే ఫిలిం మీద ఏమీ పడదు. ఇది ఎవరికైనా చూపించి ఉంటే తల్లి చేతులైనా మిగిల్చాడన్న పేరు దక్కేది, కానీ వెలుగు ఎలా వచ్చింది, తలుపు ఎవరు తీశారన్న ప్రశ్న వెంటనే వచ్చేది. అందుకని తన తల్లి చేతుల్ని అటక మీద దాచి, మూతబ్బాయిగా ఉండిపోయాడు. చూడటానికి మూడేళ్ల పిల్లకు కూడా తెలిసేంత తేలికైన సంగతి, నేను డెబ్బై ఏళ్లకు దగ్గర పడ్డాక చదివాను.

నూజివీడులో ఒక స్టూడియోలో దాన్ని అచ్చు వేసి పెట్టారు. ఇప్పుడు అలాంటి పని ఎవరూ అడగరట, ఆ అబ్బాయి వాళ్ల నాన్న నాటి సామాను దులిపి మరీ చేశాడు, భగవంతుడు చల్లగా చూడాలి. అది పట్టుకుని చాట్రాయి వెళ్లాను. మా మేనత్త అక్కడ కూతురి దగ్గర ఉంటుంది. తొంభై దాటాయి, చూపు తగ్గింది కానీ మనిషిని గొంతును బట్టి పోల్చుకుంటుంది. ఫోటో చేతికిచ్చాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, అంతా తెలుపు, నడుమ చెయ్యి ముద్ర, ఏంటే ఇది అంది. తరువాత ఆవిడ వేలు ఆ వంకర వేలి దగ్గర ఆగింది. ఇది అమ్మ చెయ్యి కదే అంది.

అప్పుడు చెప్పాను. తొమ్మిదేళ్లప్పటి నుంచి మోసిందంతా, పీట, తాళం, ఏడో వరస, తిరగేయడం, తలుపు, నా పెళ్లిలో నేను నవ్విన నవ్వు, ఏదీ దాచకుండా. నేను తిట్లకు సిద్ధపడే వెళ్లాను. ఆవిడ ఫోటోను ఒళ్లో పెట్టుకుని, చీర చెంగుతో దాని మీద లేని దుమ్ము తుడిచి, కిటికీ వంక చూస్తూ అంది.

"అయితే తమ్ముడు మూత తీశాడన్నమాట."

అంతే. మళ్లీ ఆ మాటే ఇంకోసారి, ఈసారి నాతో కాకుండా తనలో తను అనుకుంది.

మాగగది ఇప్పుడు లేదు. షెడ్డు లేచింది, మంచి వెలుతురుగా ఉంది, ఆడవాళ్లు నిలబడి పని చేసుకోవడానికి వీలుగా ఉందని దుర్గమ్మ సంతోషపడుతోంది, నేనూ సంతోషపడ్డాను. కాయలు పచ్చివే లారీలెక్కి పోతున్నాయి, ఎక్కడో చల్లటి గదుల్లో గంటల లెక్కన పండుతున్నాయి. వాటిని తిరగేసే వాళ్లు లేరు, ఒత్తిగిలించే వాళ్లు లేరు. ఫోటోలూ అంతే. దుర్గమ్మ ఫోనులో నావే నాలుగు వందలుంటాయి, నేను చూడకుండా తీసినవి, తీసిన మరుక్షణమే చూసుకున్నవి. వద్దని ఎలా అంటాను, నాయనమ్మ ఈ కాలంలో ఉంటే మాకు ఈ కష్టం వచ్చేదే కాదు. అయినా ఎప్పుడైనా మధ్యాహ్నం పూట ఇల్లు సద్దుమణిగినప్పుడు, మూసిన తలుపు ఇవతల పీట మీద కూర్చుని, లోపల ఏం వస్తోందో తెలియకుండా, బాగా రావాలని దేవుణ్ని అడుగుతూ తాళం వేసుకున్న ఆ కాసేపు మళ్లీ కావాలనిపిస్తుంది. అంత ఇష్టంగా దేనికోసమైనా ఎదురుచూసి ఎన్నాళ్లైందో నాకే గుర్తు లేదు.

ఆ ఫోటో ఇప్పుడు మా పూజగది పక్క గోడ మీద ఉంది. వచ్చిన వాళ్లు ఎవరి చేతులు ఇవి అని అడుగుతారు. మా నాయనమ్మవి అని చెబుతాను. చుట్టూ ఉన్న చెయ్యి ఎవరిది అని అడిగేవాళ్లు తక్కువ. మీరు మా వైపు వాళ్లైతే, పాత పెళ్లిళ్ల కబుర్లలో ఎప్పుడైనా ఎవరైనా మూతబ్బాయి అని నవ్వితే, నాది ఒక్కటే విన్నపం. ఆ పెద్ద చెయ్యి మా బాబాయిది. తల్లి ఫోటో తీసిన కొడుకుగా ఆయన్ని గుర్తు పెట్టుకోండి.